ఐదు మెట్ల కింద మావయ్య

ఆగస్టు 20

మావయ్యకి,

చేరాను, తిన్నాను, పడుకున్నాను, లేచాను. ఈ నాలుగూ ముందు రాయకపోతే మిగతాది నీ బుర్రకెక్కదని అమ్మ చెప్పింది కాబట్టి రాసేశాను. ఇక అసలు కబుర్లు.

నా గది మూడో అంతస్తులో ఉంది. కిటికీ తెరిస్తే ఎదురుగా సాధన గదులు వరసగా కనిపిస్తాయి. ఒక్కోటీ మన లాండ్రీలో దిండు గలేబులు పెట్టుకునే కొట్టంత. అందులోనే ఓ పియానో, ఓ కుర్చీ. పొద్దున్నే అందరూ ఒకేసారి మొదలుపెడతారు. ఒకరు వయొలిన్, ఒకరు బూర, ఒకరు గొంతు. నువ్వు వింటే "మన వాషింగ్ మిషన్లే నయం, అన్నీ ఒకే పాట పాడతాయి" అంటావు.

చేరిన రోజే నాకిక్కడ పేరొచ్చేసింది. సంగీతంలో కాదులే. హాస్టల్లో దుప్పట్లిస్తే, అలవాటు కొద్దీ గడ్డం కింద అంచు నొక్కిపెట్టి, దులిపి, మూలకి మూల కలిపి మడిచాను. వార్డెన్ గారు నోరెళ్ళబెట్టి "నీదేం కోర్సమ్మా?" అని అడిగారు.

నవ్వులు పక్కన పెట్టి ఒక సంగతి చెప్పాలి. సీటైతే ఇచ్చారు గానీ మెలిక పెట్టి ఇచ్చారు. ఇక్కడివాళ్ళంతా చిన్నప్పటినుంచీ పియానో ముందు కూర్చున్నవాళ్ళు. నేను దుప్పటి ముందు నిలబడ్డదాన్ని. గొంతు బాగుందని మాత్రమే తీసుకున్నారు. ఏడాది చివర హార్మనీ పరీక్ష ఉంటుంది, కాగితం మీద ఒకటి, చెవులకి ఒకటి. రెండూ పాసైతే ఉండనిస్తారు, లేదంటే మూటాముల్లే సర్దుకుని వచ్చెయ్యడమే. అమ్మకి ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

హార్మనీ అంటే ఏంటంటావా? పాటని ఒక్కరే పాడితే అదొక వరస. దాని కింద ఇంకో ముగ్గురు వేరే వేరే స్వరాలు పాడుతూ, ఒకరికొకరు అడ్డు రాకుండా నడిస్తే హార్మనీ. స్వరాలు మూడు కలిపి ఒకేసారి నొక్కితే కార్డ్ అంటారు. ప్రతి పాటకీ ఒక ఇల్లుంటుందిట. మొదటి స్వరం మీద కట్టిన కార్డే ఆ ఇల్లు. ఐదో స్వరం మీద కట్టినదాని దగ్గరికెళితే ఇంటికి రావాలనిపించి తీరుతుందిట. మాస్టారు ఆ ఐదో స్వరం కార్డ్ నొక్కి, చేతులు తీసేసి, మా మొహాలు చూస్తూ కూర్చున్నారు. ఎవరికీ ఊపిరాడలేదు. చాలాసేపటికి ఇంటి కార్డ్ నొక్కారు. అమ్మయ్య అనుకున్నాం అందరం.

నేను లేకుండా అక్కడ దుప్పట్లకి అటుపక్క ఎవరు నిలబడుతున్నారు? అత్తయ్యా? అయితే నీ పని అయిందే.

మీ అందరి మీదా బెంగతో, కానీ పెద్ద బెంగ కాదు,
నీ మేనకోడలు


ఆగస్టు 31

అమ్మడూ,

నీ ఉత్తరం మీ అత్తయ్య కౌంటర్లో కూర్చుని పైకి చదివింది. బట్టలు తీసుకెళ్ళడానికొచ్చిన ఇద్దరు కూడా విన్నారు, కాబట్టి నీ వార్డెన్ గారి సంగతి ఇప్పుడు వీధంతా తెలుసు. "ఇంత రాసే బదులు ఫోన్ చెయ్యొచ్చుగా" అంటుంది మీ అత్తయ్య. ఫోన్లో నువ్వు "మావయ్యా" అంటావు, వెనకనుంచి డ్రైయర్ "ఊఁ" అంటుంది. మన మధ్య దాని పెత్తనం దేనికి? నువ్వు ఉత్తరాలే రాయి. సాయంత్రం మిషన్లు ఆగాక నేను మళ్ళీ ఓసారి చదువుకుంటాను.

నువ్వనుకున్నట్టే మడతకి మీ అత్తయ్య నిలబడింది. రెండో దుప్పటికే "పాట ఆపి పని చూడు" అంది. పాటే పని అని ఈవిడకెలా చెప్పేది? "అంచు పట్టవే అటు నువ్వు" అన్నప్పుడు పట్టాలి, "దగ్గరికొస్తే ఇస్తా నవ్వు" అన్నప్పుడు అడుగు ముందుకెయ్యాలి. పాట లేకపోతే ఎవరి అడుగు ఎవరికి తెలుస్తుంది? ఈవిడ మాత్రం పాట సగంలో ఉండగానే వచ్చి నా చేతిలో మూలలు కుక్కేసి, "తర్వాతది" అంటుంది. ఆ కోపంలో నవ్వు కూడా ఇవ్వదు.

నీకు ఆరేళ్ళు. మీ అమ్మ ఆసుపత్రి డ్యూటీకి వెళుతూ నిన్నిక్కడ దించి పోయేది. నిన్ను స్టూలెక్కించి, చేతిలో రెండు మూలలు పెట్టి, పాట నేర్పాను. ఆ రోజునుంచీ నీదీ నాదీ ఒకే గొంతు. వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. బట్టలివ్వడానికొచ్చినవాళ్ళు పని మానుకుని నిలబడి వినేవాళ్ళు, గుర్తుందా? అక్కడెవరైనా "సంగీతం ఎక్కడ నేర్చుకున్నావమ్మా" అని అడిగితే, మా మావయ్య దగ్గరని చెప్పు. లాండ్రీ అని సిగ్గుపడకు.

నలుగురు నాలుగు రకాలుగా పాడితే మా దగ్గర దాన్ని గోల అంటారు. యూనివర్సిటీలో హార్మనీ అంటారు కాబోలు. ఏదేమైనా ఆ పరీక్ష నువ్వు పాసవుతావు. నా చేతుల్లో పెరిగిన చెవులవి. మీ అమ్మకి చెప్పనులే, ఆ ముక్క దగ్గర మీ అత్తయ్య కూడా గొంతు తగ్గించి చదివింది.

కడుపు మాడ్చుకోకు.

మావయ్య


సెప్టెంబర్ 26

మావయ్యా,

కుర్చీ లాక్కుని కూర్చో. అత్తయ్యని కూడా కూర్చోబెట్టు. నిలబడి చదివితే నవ్వలేక పడిపోతారు.

మా మాస్టారి చేతిలో ఎప్పుడూ ఎర్ర పెన్సిల్ ఉంటుంది. మొన్న నాలుగు గొంతులకి ఓ చిన్న పాట రాసి ఇచ్చాను. వెనక్కొచ్చేసరికి కాగితం నిండా ఏటవాలు గీతలు, జంటలు జంటలుగా. ఆ తప్పుని సమాంతర పంచమాలంటారు. అంటే ఒక గొంతుకి ఐదో మెట్టు కింద ఇంకో గొంతుంటుంది. పైది రెండు మెట్లు ఎక్కితే కిందిదీ రెండు ఎక్కుతుంది, పైది దిగితే కిందిదీ అంతే దిగుతుంది. ఆ జంట నడక కూడదు. మాకు నేర్పిన మొదటి నిషేధం అదే. కొత్తవాళ్ళందరూ ఒకటో రెండో చేస్తారుట. పాట మొత్తం అదే చేసిన మహాతల్లిని ఆయన ఇప్పుడే చూస్తున్నారుట.

మర్నాడు క్లాసులో పియానో మీద సరిగ్గా అంత దూరంలో ఉన్న రెండు మెట్లు కలిపి నొక్కి, "ఎన్ని వినిపించాయి?" అని నన్నడిగారు.

"ఒకటండీ" అన్నాను.

మళ్ళీ నొక్కారు. "ఇప్పుడు?"

"ఒకటేనండీ."

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. "మీ ఇంట్లో ఎవరితో కలిసి పాడేదానివి?" అని అడిగారు. నీ గురించి చెప్పాను, దుప్పట్ల గురించి చెప్పాను. "సరే, ఆయన పాడేది పాడు" అన్నారు. మన పాట పాడాను. "అది నువ్వు పాడేది. ఆయన పాడేది పాడు" అన్నారు. రెండూ ఒకటే కదండీ అన్నాను. అప్పుడు అత్తయ్య కౌంటర్లోంచి ఓసారి ఫోన్లో మనిద్దరి పాటా పట్టింది చూడు, అది వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విని, నీ స్వరం పియానో మీద వెతికి పట్టుకుని చూపించారు.

మావయ్యా, నువ్వు నా స్వరంలో పాడట్లేదు! ఎప్పుడూ పాడలేదు! నా కింద సరిగ్గా ఐదో మెట్టు మీద నిలబడి, అదే పాటని ఆ చివరినుంచి ఈ చివరిదాకా మోసుకొచ్చావు. ఒక్క మెట్టు కూడా తప్పలేదు. చాలామందికి ఇలా అవుతుందిట. ఆ రెండు స్వరాలూ ఎంత బాగా అతుక్కుంటాయంటే, పాడేవాళ్ళకి ఒకటే పాడుతున్నామనిపిస్తుందిట. ఒకే గొంతు, వెంట్రుకవాసి తేడా లేదు అని ఎంత గొప్పలు పోయాం మనం! నా పక్కన కూర్చునే పిల్లతో, చెల్లో అని పెద్ద వయొలిన్ లాంటిది వాయిస్తుందిలే, చెప్పుకుని ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

మాస్టారు మాత్రం "ఆ కింది గొంతుని నీ చెవిలోంచి బయటికి పంపితే గాని చెవుల పరీక్ష గట్టెక్కవు" అన్నారు. ఎలా పంపాలో ఆయనా చెప్పలేదు.

ఇంకా నవ్వుతూనే,
మేనకోడలు


అక్టోబర్ 6

అమ్మడూ,

ఉత్తరం అందింది. మీ అత్తయ్య సగందాకా పైకి చదివి, తర్వాత లోపల చదువుకుని, నాకిచ్చి ఇస్త్రీ వైపు వెళ్ళిపోయింది. మిగతాది నేనే చదువుకున్నాను.

"నేను తప్పు పాడతానా?" అని అడిగాను ఆవిడని.

"పెళ్ళైన కొత్తల్లోనే తెలుసు" అంది.

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెప్పడానికి నువ్వు పాట ఆపితేగా" అంది.

ఇస్త్రీ దగ్గర పనిచేసేవాళ్ళకీ తెలుసుట. మీ అమ్మకీ తెలుసుట. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని నేనొక్కణ్ణే ఇన్నాళ్ళూ చాటుకుని తిరిగానన్నమాట. పోన్లే, జనం ఎందుకు నిలబడి వినేవాళ్ళో ఇన్నాళ్ళకి తెలిసింది. మంచి నవ్వులాటే.

మాస్టారు చెప్పినట్టు విను. చదువుకున్నవాళ్ళు ఊరికే చెప్పరు. ఎవరైనా సంగీతం ఎక్కడ నేర్చుకున్నావంటే నా దగ్గరని చెప్పమన్నాను కదా, అది వదిలెయ్.

ఇక్కడ వాన. ఆరేసినవన్నీ లోపలికి తెచ్చి డ్రైయర్లో వేస్తున్నాం.

మావయ్య


నవంబర్ 8

మావయ్యా,

ఈసారి అంత చిన్న ఉత్తరమా? వాన బాగా దంచిందన్నమాట, పని ఎక్కువైనట్టుంది.

నా సంగతి ఏమంత బాగాలేదు. మధ్యలో పెట్టిన చెవుల పరీక్షలో తప్పాను. కాగితం పరీక్ష ఎలాగో ఈడ్చుకొచ్చాను, నియమాలు బట్టీ పట్టొచ్చు కాబట్టి. చెవులకి బట్టీ ఎక్కడుంటుంది? మూడో స్వరం దూరంలో ఉన్న జంట నొక్కితే చెబుతాను, నాలుగు చెబుతాను. ఐదు నొక్కగానే చెవులు మూసుకుపోతాయి. ఒకటే వినిపిస్తుంది. ఇలాగే ఉంటే ఏడాది చివర మూట కట్టుకోవాల్సిందే. నాకు ఇక్కడినుంచి పోవాలని లేదు మావయ్యా. ఇంతకుముందు ఏ చదువు మీదా నాకింత ఇష్టం కలగలేదు.

ఒక్కటి మాత్రం నాకు వెంటనే ఎక్కింది. గొంతులు ఎదురెదురుగా నడవడం మంచిదిట, ఒకటి దిగుతుంటే ఇంకోటి ఎక్కడం. క్లాసులో ఎవరికీ అర్థం కాక గింజుకుంటుంటే, నాకు మనం దుప్పటి పట్టుకుని ఒకరికొకరం ఎదురు నడవడం గుర్తొచ్చి చకచకా రాసేశాను. ఎర్ర గీత ఒక్కటీ పడలేదు.

డిసెంబర్లో సెలవులిస్తున్నారు. వచ్చి నీతో పొద్దస్తమానం పాడి, ఈ ఐదు మెట్ల భాగోతం ఏంటో తేల్చుకుంటాను. గొంతు సిద్ధం చేసి పెట్టు.

అత్తయ్యకి నవ్వడం నేర్పు.

మేనకోడలు


నవంబర్ 21

అమ్మడూ,

ఈసారి సెలవులకి రావద్దు. ఇంటికి సున్నాలు వేయిస్తున్నాం, సామానంతా వరండాలో ఉంది. మీ అమ్మ డ్యూటీ కూడా మారింది, వచ్చినా నీకు కనిపించదు. ప్రయాణాలు పెట్టుకుంటే చదువు చెడుతుంది. అక్కడే ఉండి మాస్టారి దగ్గర నేర్చుకో.

కొత్త హోటల్ వాళ్ళు ఒక బండి దుప్పట్లు వెనక్కి పంపారు. మడత సరిగా లేదుట, మూలలు కలవట్లేదుట. ఇలా ఎప్పుడూ జరగలేదు. మీ అత్తయ్య నన్నంటుంది, నేను ఆవిణ్ణంటాను. మళ్ళీ ఉతికి, మళ్ళీ మడిచి పంపాం.

వేళకి తిను.

మావయ్య


డిసెంబర్ 18

మావయ్యా,

రావద్దన్నావు, రాలేదు. హాస్టల్లో నేనూ వార్డెన్ గారూ మిగిలాం. ఆవిడ నాకు దుప్పట్లన్నీ మడిచే ఉద్యోగం ఇచ్చారు.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఏడ్చాను. ఇంటికి సున్నాలు వేస్తే మేనకోడలు రాకూడదా? నేను డ్రైయర్ పక్కన బట్టల మూటల మీద నిద్రపోతూ పెరిగినదాన్ని, వరండా నాకు లెక్కా? నువ్వు నా మీద కోపంగా ఉన్నావని అర్థమైంది. తప్పు పాడావని నవ్వాను, పైగా అత్తయ్యని కూర్చోబెట్టి చదివించమన్నాను. ఇప్పుడా ఉత్తరం తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

తర్వాత హోటల్ దుప్పట్ల సంగతి మళ్ళీ చదివాను. మూలలు ఎందుకు కలవవు? మూలలు కలపడానికే కదా పాట? మావయ్యా, నువ్వు పాడటం మానేశావు కదూ?

అది తట్టగానే సెలవులని కూడా చూడకుండా మాస్టారి గదికి వెళ్ళాను. "ఆ ఐదు మెట్ల జంట వినడానికి బాగానే ఉంటుందిగా, ఎందుకు తప్పంటారు?" అని అడిగాను. కొంచెం గట్టిగానే అడిగినట్టున్నాను. "బాగుండదని ఎవరన్నారమ్మా?" అన్నారాయన. "బాగుంటుంది. కాకపోతే ఆ దూరంలో రెండు గొంతులు జంటగా నడిస్తే, వినేవాడికి ఇద్దరున్నారని తెలియదు. ఇద్దరూ ఒకటైపోతారు. నేను మీకు నలుగురిని విడివిడిగా నడిపించడం నేర్పుతున్నాను. ఇద్దరు కలిసిపోతే నాకు ముగ్గురే మిగులుతారు. మా పద్ధతిలో కూడదంటాం, అంతే. అలా పాడుకునేవాళ్ళు లోకంలో బోలెడంతమంది ఉన్నారు, వాళ్ళెవరూ తప్పు పాడట్లేదు."

విన్నావా? నువ్వు తప్పు పాడలేదు. నేనే సగం విని సగం రాశాను. కోపం ఉంటే తిట్టు. తిట్టడానికైనా పెద్ద ఉత్తరం రాయి.

నీ మేనకోడలు, ఇంకా నీదే అయితే


జనవరి 3

పిచ్చిమొద్దూ,

కోపమా? నీ మీదా? మీ అత్తయ్యకి నీ ఉత్తరం వినిపిస్తే నన్ను పట్టుకుని ఒకటే చీవాట్లు. "పిల్లని సెలవుల్లో ఒంటరిగా కూర్చోబెట్టావు, సున్నాలట సున్నాలు" అని. సున్నాలు వెయ్యలేదు. ఆ అబద్ధానికి నన్ను క్షమించు.

అసలు సంగతి ఇది. కింది గొంతుని నీ చెవిలోంచి పంపిస్తే గాని పాసవ్వవని మాస్టారన్నారని రాశావు. ఆ కింది గొంతు నేనేగా. పరీక్ష పోతే చదువు పోతుంది. తెల్లబట్టకి రంగుబట్ట మరక అంటితే ఏం చేస్తాం? ముందు రంగుబట్టని బయటికి తీస్తాం. అందుకని తీసేశాను, నన్ను నేను. నువ్వొస్తే పాడకుండా ఉండలేను, అందుకే రావద్దన్నాను. ఇక్కడ కూడా మానేశాను, నోటికి అలవాటు పోతుందని. అలవాటు పోలేదు గానీ హోటల్ బేరం పోయేలా ఉంది.

రెండు గొంతులు ఒకటైపోతాయి కాబట్టి కూడదంటారా మీ మాస్టారు? ఒకటైపోవాలనే కదే నేను పాడింది!

సరే, ఆయన పద్ధతి ఆయనది. నేనూ ఒక పని మొదలుపెట్టాను, నవ్వకు. నీ స్వరంలో పాడటం నేర్చుకుంటున్నాను. గురువు మీ అత్తయ్య. పెద్ద డ్రైయర్ తిరిగేటప్పుడు ఒక్కటే హోరు పెడుతుంది కదా, అది ఎప్పుడూ ఒకే స్వరంట. నేను దాంతో గొంతు కలపాలి. కలిపాననుకుని పాడతాను, ఆవిడ తల అడ్డంగా ఊపుతుంది. ఇంకాస్త పైకి అంటుంది. పైకెళితే గొంతు పట్టుబడ్డ కోడిలా అరుస్తుంది. నిన్న మొదటిసారి తల నిలువుగా ఊపింది. నాకేమీ తేడా తెలియలేదు గానీ, ఆవిడ మొహం చూసి తెలుసుకున్నాను. పట్టుకున్నప్పుడు స్వరం మాయమైపోతుంది అమ్మడూ, నేను పాడుతున్నానా డ్రైయర్ పాడుతోందా అన్నట్టు. వింతగా ఉంది.

వద్దని రాయకు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందేమోనని మీ అత్తయ్యకీ భయంగానే ఉంది. అయినా నువ్వు పాసై వచ్చేసరికి నీ పక్కన సరిగ్గా నిలబడాలని నా కోరిక. ఈసారి నిజంగానే ఒకే గొంతు.

నీ మావయ్య, అనుమానం దేనికి


ఏప్రిల్ 28

మావయ్యా,

పాసయ్యాను! రెండూ! సీటు నాదే! అమ్మకి కూడా ఇప్పుడు చెప్పెయ్.

వద్దని రాద్దామని చాలాసార్లు కాగితం తీశాను. అత్తయ్య నీకు పాఠం చెబుతోందన్న ముచ్చట చెడగొట్టడానికి చేతులు రాలేదు.

చెవుల పరీక్ష ఎలా గట్టెక్కానో చెబుతాను. నీ గొంతుని బయటికి పంపడం నా వల్ల కాలేదు. ఎంత తోసినా పోలేదు, నీ మొండితనమే దానికీ ఉంది. అందుకని తోయడం మానేసి వెతకడం మొదలుపెట్టాను. అత్తయ్య పట్టిన ఆ పాట రోజూ సాధన గదిలో పెట్టుకుని, నన్ను నేను పట్టించుకోకుండా, నువ్వెక్కడున్నావా అని మాత్రమే విన్నాను. చాలా వారాలు ఏమీ దొరకలేదు. మార్చిలో ఓ పొద్దున, "దగ్గరికొస్తే" అనే చోట నువ్వు ఊపిరి తీసుకున్నావు. నేను అక్కడ తీసుకోను. ఆ ఊపిరి వెనకాల నువ్వు ఒక్కడివీ బయటికొచ్చావు. కాస్త బొంగురుగా, కాస్త ముక్కుతో, నా కింద, నా పక్కన. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను మావయ్యా. పదమూడేళ్ళు నీతో పాడాను, నీ గొంతు నేను వినడం అదే మొదటిసారి.

పరీక్షలో బయటినుంచి వచ్చిన పెద్దాయన రెండు మెట్లు కలిపి నొక్కారు.

"ఎన్ని?" అన్నారు.

"రెండండీ."

"ఎంత దూరం?"

"ఐదు మెట్లు. కిందున్నది మా మావయ్య" అనేశాను, నోరు జారి. ఆయనకేమీ అర్థం కాలేదు. మా మాస్టారు మాత్రం ఎర్ర పెన్సిల్ కింద పెట్టి, కిటికీలోంచి చూస్తూ నవ్వుకున్నారు.

వచ్చే నెల వస్తున్నాను. సున్నాలు వేసినా, ఇల్లు కూల్చేసినా సరే, వస్తున్నాను.

నీ మేనకోడలు


మే 30

అమ్మడూ,

నువ్వు నిన్ననే వెళ్ళావు, ఇవాళే రాస్తున్నాను. ఎదురుగా ఉన్నన్నాళ్ళూ నోరు పెగల్లేదు కాబట్టి.

నువ్వొచ్చిన మర్నాడు హోటల్ దుప్పట్లకి నిలబడ్డాం. నెలల తరబడి దాచుకున్నది నీకు చూపించాలని నా తొందర. నువ్వెత్తుకున్నావు, నేను నీ స్వరం అందుకున్నాను. గొంతు నరాలు తెగేలా ఉన్నా వదల్లేదు. మీ అత్తయ్య కౌంటర్లోంచి తల నిలువుగా ఊపుతోంది. నీ మొహం ఇంతవుతుందని చూశాను. నువ్వు మన ఇంట్లో ఎవరో తెలియనివాళ్ళు కూర్చున్నట్టు చూశావు. వెంటనే సర్దుకుని "భలే మావయ్యా" అని నవ్వావు. అది బట్టలివ్వడానికొచ్చినవాళ్ళతో మేం నవ్వే నవ్వు. నాకు తెలియదా?

రెండో దుప్పటికి పాట కాస్త పైన ఎత్తుకోమన్నావు, ఎత్తుకున్నాను. నువ్వు కిందికి దిగిపోయావు. నేను పాట ఆపి "ఆగాగు, తప్పు పాడుతున్నావ్, స్వరం ఇది" అన్నాను. పరీక్ష పాసైన పిల్లని దిద్దుతున్నాను, నా పొగరు చూడు. నువ్వు "తప్పు కాదు మావయ్యా, ఇది నువ్వు. నా వరస నువ్వు పాడు, నీ వరస నేను పాడతాను, ఆపకు" అన్నావు.

అప్పుడు విన్నాను. నేను పైన ఉన్నాను కాబట్టి కిందేం జరుగుతోందో మొదటిసారి తెలిసింది. పైది ఎక్కడికి వెళితే అది కూడా అక్కడికల్లా వెళుతోంది. ముందుకి తోసుకోదు, వెనకబడదు, మీదికి రాదు. ఊపిరి కూడా నా చోటే తీసుకున్నావు. మీరంతా వింటూ వచ్చింది ఇదా? మీ అత్తయ్య పెళ్ళైన కొత్తల్లోనే విని ఊరుకున్నది ఇదా? దీనికా నేను సిగ్గుపడి నోరు మూసుకున్నాను? ఇది బాగుందే! నేను బాగున్నానే!

అందుకే మడత సగంలో దుప్పటి నీ చేతుల్లో వదిలేసి, బాయిలర్ చూసొస్తానని వెళ్ళాను. బాయిలర్‌కి ఏమీ కాలేదు. ఏడవడానికి వెళ్ళాను.

మొహం కడుక్కుని గుమ్మం దాకా వచ్చేసరికి నువ్వు దుప్పటి అంచుని గడ్డం కింద నొక్కుకుని, ఒక్కదానివే నా వరస పాడుతూ నిలబడి ఉన్నావు. పై వరస ఖాళీగా ఉంది. వచ్చి అందుకున్నాను.

మావయ్య